మొగ్గు

చేతిలోంచి వదిలాక కూడా
ఎఫీ గిల్‌క్రిస్ట్ బంతిని వదలదు.
ఎడమ భుజం వాల్చి, మెడ వంచి,
పచ్చిక మీద దాని వెనకే నాలుగడుగులు నడిచి
"రా, రా, ఇంకొంచెం, ఇక చాల్లే" అంటుంది
పొంగబోయే పాలతో మాట్లాడినట్టు.

ముప్పయ్యొక్క ఏళ్లు ఆ మాటలు విన్నదాన్ని.
జట్టులో మొదటి బంతి నాది, చివరి బంతి తనది.
పత్రికల ఫొటోల్లో తన పక్కన
సగం తెగిపోయిన మోచెయ్యి కూడా నాదే.

ఆట తెలియనివాళ్లకి ఒక్క మాట:
ఈ బంతి పూర్తిగా గుండ్రం కాదు.
ఒక పక్క నిండు, ఒక పక్క వెలితి.
గురిచూసి సూటిగా వేశారా, పోయినట్టే.
తెల్లబంతి ఉన్నచోటికి కాదు,
లేనిచోటికి వెయ్యాలి.
ఊపు ఉన్నంతసేపూ అది ఎవరి మాటా వినదు,
అలిసిపోతున్నప్పుడే తన మొగ్గు బయటపెడుతుంది.
మనుషులూ అంతేనని ఎఫీ ఎప్పుడూ అనలేదు.
"గడ్డి తడిగా ఉంది" అంటుంది, అంతే.

వాళ్ల నాన్న ఓడల రేవులో రివెట్లు కొట్టి కొట్టి
చెవులు పోగొట్టుకున్నాడు.
ఆయన పోయాక మిగిలినవి
తోలుసంచిలో నాలుగు నల్లబంతులు.
పేస్లీ దారపు మిల్లులో కండెలు మార్చే పిల్ల చేతికి
అవి మరీ పెద్దవి.
క్లబ్బులో ఆడవాళ్లకి మంగళవారం మధ్యాహ్నాలే,
అదీ వాన లేకపోతే.
స్కాట్లండ్ పడమటి గట్టున
వాన లేని మంగళవారమా!
కంచె దూకి, వానలోనే నేర్చుకుంది.

మెల్‌బోర్న్‌లో అది పచ్చిక కాదు,
ఇస్త్రీ చేసిన దుప్పటి.
మా ఊళ్లో తొయ్యాల్సిన బంతి
అక్కడ ఊదితే పోతుంది.
మొదటి పూట తనవన్నీ గట్టు పక్క కాలవలో పడ్డాయి.
రాత్రి హోటల్ గదిలో, కార్పెట్ మీద
ఒక నారింజపండు దొర్లిస్తూ కూర్చుంది.
ఎన్నింటికి పడుకుందో తెలీదు, నేను నిద్రపోయాను.
నాలుగో రోజు మెడలో బంగారం.
ఆ పండే ఒలిచి నాకు సగం పెట్టింది,
నలిగి, చేదుగా.

తర్వాతివి క్లబ్బు అద్దాల బీరువాలో ఉన్నాయి.
పదకొండు. దుమ్ము నేను తుడుస్తాను.

పిల్లలు మాత్రం క్రైస్ట్‌చర్చ్ బంతి గురించే అడుగుతారు.
ఆఖరి విడత, ఒక్క పాయింటు తేడా.
బంతి పక్కనుండే చిన్న చక్రాన్ని
కళ్లు చూడక్కర్లేదు, వేళ్లకి తెలుసు.
ఆ రోజు వేళ్లకి తెలియలేదు.
తిరగేసి పట్టుకుంది.
లోపలికి రావలసింది బయటికి, ఇంకా బయటికి,
గీత దాటి పక్క వరసలోకి,
ఫిజీ వాళ్ల ఆట మధ్యలోకి.
అక్కడొక పెద్దావిడ పాదంతో ఆపి
రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చింది. నవ్వలేదు.

ఎఫీ ఈ కథని లేచి నిలబడి చెబుతుంది.
మొదట్లో రెండు గజాలు పోయిన బంతి
ఇప్పుడు సముద్రం దాకా వెళ్తోంది.
ఆ వేళ్ల జబ్బుకి రెండేళ్ల తర్వాత డాక్టరు పేరు పెట్టాడు.
ఏ రోజు మొదలైందో నేను లెక్క కట్టుకున్నాను.
తనకి చెప్పలేదు. అందరూ నవ్వుతున్నారు కదా.

నిన్న సీజను ఆఖరి శనివారం.
గడ్డికి సెలవు, గేటుకి తాళం.
వాళ్ల నాన్న బంతిని రెండు చేతులతో దింపి వదిలింది.
భుజం వాల్చింది. "రా, రా" అంది.
వచ్చింది, తీరిగ్గా,
తెల్లబంతికి జానెడు ఇవతల ఆగింది.

కొలతాడు తియ్యమంది.
పోటీ బంతే లేదు, దేంతో పోల్చాలి అన్నాను.
"ముందు కొలువు" అంది.

మోకాళ్లు తడుస్తుంటే
కొలిచాను.